పండించేది శనగలు, తినేది తెల్లన్నం

పర్చూరు చుట్టూ నల్లరేగడి. ఆ నేలలో పత్తి, మిర్చి, పొగాకు, శనగ పండుతాయి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడకముందు ఈ ప్రాంతం గుంటూరు జిల్లాది, ఆ తర్వాత ప్రకాశంగా పేరు మారిన ఆ కొత్త జిల్లాది, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాది. ఇక్కడి కంచంలో ఏముండాలన్న వాదన ఏ ఇంటి వసారాలోనైనా వినిపిస్తుంది. కింద మాట్లాడుకునే ఇద్దరిలో మావయ్య శనగ, మిర్చి వేసే రైతు. మేనకోడలు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే టీచరు. ఇద్దరూ ఊహించిన మనుషులే. వాదన మాత్రం మన ఇళ్ళలో నిజంగా జరుగుతున్నదే.

మావయ్య: అమ్మాయ్, మీ అత్తయ్య ఈమధ్య నా కంచంలో అన్నం తగ్గించి పప్పూ కూరా పెంచుతోంది. అడిగితే నువ్వు చెప్పావంటోంది. ఊహ తెలిసినప్పటి నుంచి తింటున్న అన్నం ఇప్పుడు పనికిరాకుండా పోయిందా?

మేనకోడలు: అన్నం పనికిరాదని నేననలేదు మావయ్యా. అన్నం ఒక్కటే చాలదన్నాను.

మావయ్య: ఎందుకు చాలదు? పొద్దున చద్దన్నం, మధ్యాహ్నం గోంగూర పచ్చడితో అన్నం, రాత్రి మజ్జిగన్నం. ఇవే తిని అరక దున్నాను, పొగాకు బేళ్ళు మోశాను. కడుపు నిండితే ఒళ్ళు పనిచేస్తుంది. దానికి గ్రాముల లెక్కలు దేనికి?

మేనకోడలు: కడుపు నిండాక లోపల జరిగేది చూస్తే లెక్క దేనికో తెలుస్తుంది. అన్నంలో ఎక్కువ భాగం పిండిపదార్థం. అంటే గ్లూకోజు అణువులు వందలు, వేలుగా ఒకదానికొకటి అతుక్కుని ఉన్న పదార్థం. నోట్లో నములుతుండగానే లాలాజలంలోని అమైలేజ్ దాన్ని విడగొట్టడం మొదలుపెడుతుంది. అన్నం ఎక్కువసేపు నమిలితే తియ్యగా అనిపించేది అందుకే. జీర్ణాశయంలో ఆమ్లం, పెప్సిన్ కలిసి పప్పులో, గుడ్డులో ఉన్న మాంసకృత్తుల పని పడతాయి. చిన్నపేగులోకి వచ్చాక క్లోమరసం, పైత్యరసం మిగతా పని పూర్తిచేస్తాయి. దాదాపు ఆరు మీటర్ల ఆ పేగు గోడల నుంచి గ్లూకోజు రక్తంలోకి దిగి ముందు కాలేయానికి చేరుతుంది. కాలేయం ఓ 100 గ్రాముల దాకా గ్లైకోజన్ రూపంలో దాచుకుంటుంది. కండరాలు కలిసి 400 గ్రాముల దాకా దాచుకుంటాయి. అంతకు మించి వచ్చిందీ, పనిలో ఖర్చు కానిదీ కొవ్వుగా మారుతుంది.

మావయ్య: మరి ఖర్చు మాట? పొలంలో పనిచేసేవాడికి దాచుకోడానికి మిగిలేదెంత?

మేనకోడలు: గ్రాము పిండిపదార్థం 4 కిలోకాలరీలిస్తుంది. మాంసకృత్తులూ అంతే. కొవ్వు 9 ఇస్తుంది. మెదడు ఒక్కటే రోజుకు దాదాపు 120 గ్రాముల గ్లూకోజు వాడుకుంటుంది. పెద్దగా కష్టపడని మనిషికి రోజుకయ్యే ఖర్చులో సగానికి పైగా గుండె, ఊపిరితిత్తులు, కాలేయం, మూత్రపిండాలు నడవడానికే పోతుంది. కదలకుండా పడుకున్నా ఆ ఖర్చు ఆగదు. ఇంకో సంగతి. కండరం గ్లూకోజును నేరుగా వాడుకోలేదు. దాన్ని మండించి ఏటీపీ అనే పదార్థంగా మార్చుకుంటేనే వాడుకోగలదు. ఆ ఏటీపీని మొదట గుర్తించిన వాళ్ళలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని బయటపెట్టారు. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా ఏటీపీని కనుక్కున్నాడు.

మావయ్య: అయితే సుబ్బారావు గారు నా పక్షానే సాక్ష్యం చెప్పారు కదమ్మా! అన్నం గ్లూకోజవుతుంది, గ్లూకోజు నువ్వన్న ఏటీపీ అవుతుంది, దాంతో నేను పనిచేస్తాను. ఇంకేం కావాలి?

మేనకోడలు: గ్లూకోజు ఏటీపీగా మారే దారిలో కొన్ని విటమిన్లు లేకపోతే పని మధ్యలోనే ఆగిపోతుంది. వాటిలో ఒకటి థయమిన్, అంటే బి1. అది కరువైతే ఏమవుతుందో మన ప్రాంతమే చూసింది. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా ఉన్న నేలను అప్పట్లో ఉత్తర సర్కారులనేవాళ్ళు. అప్పుడు పర్చూరూ గుంటూరు జిల్లాలోదే. దేశంలో బెరిబెరి ఇంటి జబ్బులా పాతుకుపోయిన ప్రాంతంగా ఉత్తర సర్కారులకు పేరుండేది. కాళ్ళు తిమ్మిరెక్కి పట్టు తప్పేవి. కొందరికి ఒళ్ళు నీరు పట్టేది, గుండె ఆగిపోయేది. వాళ్ళు పస్తులున్నవాళ్ళు కారు మావయ్యా. కడుపునిండా అన్నం తిన్నవాళ్ళే.

మావయ్య: కడుపునిండా తిన్నవాళ్ళకు రోగమా? అదెలా?

మేనకోడలు: థయమిన్ ఎక్కువగా ఉండేది బియ్యపు గింజ పైపొరలో, మొలకెత్తే చోట. మిల్లులో పాలిష్ పట్టినప్పుడు అదంతా తవుడులో పోతుంది. మిగిలిన కాస్తా నాలుగైదుసార్లు కడిగితే నీళ్ళల్లో పోతుంది, గంజి వారిస్తే గంజిలో పోతుంది. అదే కాలంలో తమిళ జిల్లాల వాళ్ళూ అన్నమే తిన్నారు. కానీ వాళ్ళు వాడింది ఉప్పుడు బియ్యం. వడ్లను నానబెట్టి ఉడకబెట్టినప్పుడు పైపొరలోని థయమిన్ కొంత గింజ లోపలికి దిగుతుంది. ఆ తర్వాత మిల్లు పట్టినా అంతా పోదు. అందుకే అక్కడ బెరిబెరి దాదాపు లేదు. మనవాళ్ళు పచ్చి బియ్యం తిన్నారు, ఇక్కడ వచ్చింది. రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో చిన్న గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే తర్వాత పెద్ద సంస్థయింది. 1958లో హైదరాబాదుకు మారింది. అదే ఇవాళ్టి జాతీయ పోషకాహార సంస్థ.

మావయ్య: అలా చెప్పు! అంటే తప్పు అన్నానిది కాదు, మిల్లుది. మా నాయనమ్మ రోజుల్లో దంపుడు బియ్యం. అంతకుముందు జొన్నన్నం, సజ్జ సంగటి. మీ చదువులు లేని పాత తిండే మంచిదని నువ్వే ఒప్పుకున్నావు.

మేనకోడలు: దంపుడు బియ్యం వరకు ఒప్పుకుంటాను. పాతదంతా మంచిదంటే మాత్రం జొన్న సంగతి కూడా వినండి. దక్కను పీఠభూమిలో జొన్నే ముఖ్యాహారంగా బతికిన పేద కూలి కుటుంబాల్లో పెల్లాగ్రా వచ్చేది. ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగిలేది, విరేచనాలు పట్టుకునేవి, మతి చలించేది. అది నియాసిన్ అనే మరో బి విటమిన్‌కు సంబంధించిన జబ్బు. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం మరీ ఎక్కువగా ఉండటం దీనికి ఒక కారణమని డాక్టర్ సి. గోపాలన్, శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. జొన్నతోపాటు పప్పు, పాలు, మాంసం తినగలిగిన వాళ్ళకు ఆ జబ్బు రాలేదు. జొన్న మీదే బతికినవాళ్ళకు వచ్చింది. ఇక్కడ పచ్చి బియ్యం, అక్కడ జొన్న. రెండు చోట్లా కీడు ఒక్కటే: ఒక్క గింజ మీదే బతకడం.

మావయ్య: ఊఁ. ఈ మాట నాకు అర్థమయ్యే తీరులో చెప్పుకుంటాను. పత్తికి ఒక్క యూరియానే వేసుకుంటూ పోతే చేను పచ్చగా ఏపుగా ఎదుగుతుంది, చూసేవాడికి కళ్ళు చెదురుతాయి. కానీ మెగ్నీషియం కరువైతే ఆకు ఎర్రబడుతుంది, పొటాష్ చాలకపోతే కాయ బరువెక్కదు. లోపం ఉన్న చోట దిగుబడి ఆగిపోతుంది, యూరియా ఇంకో బస్తా వేసినా లేవదు. నువ్వు చెప్పేదీ అదేనా?

మేనకోడలు: అదే మావయ్యా. నేను బళ్ళో చెప్పేదానికంటే బాగా చెప్పారు.

మావయ్య: అయితే ఇప్పుడు నాకు ఏ లోపం ఉందో చెప్పు. బెరిబెరీ లేదు, పెల్లాగ్రా లేదు.

మేనకోడలు: లోపం మాంసకృత్తుల దగ్గర మొదలవుతుంది. అన్నం ముఖ్యంగా ఇంధనం. ఒళ్ళు కట్టుబడికి మాంసకృత్తులు కావాలి. కండ, చర్మం, రక్తం, జీర్ణరసాలు, రోగాలతో పోరాడే యాంటీబాడీలు అన్నీ వాటితో తయారయ్యేవే. ఒంట్లోని మాంసకృత్తులు రోజూ కొంత విరిగిపోతుంటాయి, కొంత కొత్తగా కడుతుంటాయి. ఇరవై రకాల అమైనో ఆమ్లాల్లో తొమ్మిదింటిని మన శరీరం తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. కొవ్వును దాచుకున్నట్టు వీటిని దాచుకునే ఏర్పాటు ఒంటికి లేదు. తిండిలో రాకపోతే సొంత కండనే కరిగించుకుంటుంది. బియ్యంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, శనగలో, కందిలో అది పుష్కలం. పప్పుల్లో మెథియోనిన్ తక్కువ, బియ్యంలో ఆ కొరత లేదు. పప్పన్నం కలిపి తింటే ఒకదాని లోటు రెండోది తీరుస్తుంది. మీ చేలో పండే శనగ 100 గ్రాముల్లో దాదాపు 20 గ్రాముల మాంసకృత్తులుంటాయి. బియ్యంలో ఏడెనిమిది.

మావయ్య: శనగ బలమని మాకు తెలియదా? జేజీ-11, కాక్-2 రకాలు వచ్చాకే కదా ఈ నల్లరేగడిలో శనగ ఇంతలా పెరిగింది. పండిస్తాం, బస్తాలకెత్తి కోల్డ్ స్టోరేజీలో పెడతాం, రేటొచ్చాక అమ్ముతాం. ఇంటికి ఉంచుకునేది పండక్కి పూర్ణాలకీ శనగపిండికీ సరిపడా. అమ్ముకోడానికి వేసిన పంటను తిని కూర్చుంటే అప్పెవరు తీరుస్తారు?

మేనకోడలు: ఎంత తినాలో లెక్క వేస్తే అప్పు అడ్డురాదు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, రోజుకు 2000 కిలోకాలరీలు కావలసిన మనిషికి ఇలా చెప్పింది: బియ్యం, జొన్న, రాగి లాంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు లేదా వాటి బదులు గుడ్డు, చేప, మాంసం 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలో పెరుగో 300 మిల్లీలీటర్లు, వేరుశనగ, నువ్వుల లాంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. అత్తయ్య సంగతే చూద్దాం. సగటు బరువున్న ఆడమనిషికి రోజుకు 46 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 250 గ్రాముల బియ్యంలో 19 వస్తాయి, 85 గ్రాముల పప్పులో 18, పాలు పెరుగులో 10. లెక్క సరిపోయింది. అందులోంచి పప్పు, పాలు తీసేసి అన్నమే రెట్టింపు చేసినా మాంసకృత్తులు 38 దాటవు. ఈలోపు అన్నంలోంచి వచ్చే గ్లూకోజు మాత్రం రెండింతలవుతుంది.

మావయ్య: మన ఇంట్లో అంటే పాడి ఉంది, చేను ఉంది. మిరపకోతలకొచ్చే ఆడవాళ్ళ మాట చెప్పు. కర్నూలు వైపు నుంచి వలసొచ్చి, పొలం గట్టున గుడారాలేసుకుని, తెల్లారగానే కోతకు దిగుతారు. వాళ్ళ క్యారేజీలో అన్నం, పచ్చడి. వాళ్ళకు 85 గ్రాముల పప్పు, 100 గ్రాముల పండ్లు అని చెప్పడానికి నీకు నోరెలా వస్తుంది? తెలియక తినడం లేదా వాళ్ళు? కొనలేక తినడం లేదు. రెండు రూపాయలకే కిలో బియ్యమని ఎన్టీ రామారావు గారు 1983లో ఇచ్చారు కాబట్టి కూలివాడి కడుపు నిండింది. ఆకలి తెలిసినవాడికి అన్నం మీద మాటంటే మనసు కష్టపడుతుందమ్మా.

మేనకోడలు: ఆ మాట నిజం మావయ్యా, దానికి నా దగ్గర ఎదురు మాట లేదు. అన్నం ఆకలిని తీర్చింది. ఆ మేలును నేను తక్కువ చేయను. కానీ ఆకలి తీరాక మిగిలిపోయిన లోపం ఆ ఆడవాళ్ళ రక్తంలోనే కనిపిస్తోంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 59 మందికి రక్తహీనత. గ్లూకోజును పూర్తిగా మండించాలంటే ఆక్సిజన్ కావాలి. దాన్ని మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. హిమోగ్లోబిన్‌కు ఇనుము కావాలి. ఎర్ర రక్తకణం బతికేది 120 రోజులే, కాబట్టి కొత్తవి ఎప్పుడూ తయారవుతుండాలి. మగవాడికి రోజుకు 19 మిల్లీగ్రాముల ఇనుము చాలు. నెలనెలా రక్తం పోయే ఆడమనిషికి 29 కావాలి. అది అందనప్పుడు కడుపునిండా అన్నం తిన్నా ఆయాసం, నీరసం. ఆమె కోసే మిరపకాయల బరువు తగ్గితే కూలీ తగ్గుతుంది. లోపం ఆమె సంపాదననే కోస్తుంది.

మావయ్య: రేషన్ బియ్యంలో ఇప్పుడేవో ప్లాస్టిక్ గింజలు కలుపుతున్నారట. మనవాళ్ళు ఏరి పారేస్తున్నారు.

మేనకోడలు: పారేయొద్దని చెప్పండి, మీ మాట వింటారు. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి బియ్యపు గింజ ఆకారంలో ఒత్తినవి. వంద గింజలకు ఒకటి చొప్పున కలుపుతారు. నీళ్ళలో కొన్ని తేలితే జనం భయపడుతున్నారు. ఆ ఫోలిక్ ఆమ్లానికీ సుబ్బారావు గారికీ సంబంధముంది. చిన్న వయసులో ఆయనకు స్ప్రూ అనే జబ్బు చేసింది. తిన్నది పేగుల్లోంచి రక్తంలోకి ఎక్కకుండా మనిషిని ఎండగట్టే జబ్బది. ఆయన అన్నదమ్ములు దానితోనే చనిపోయారు. తర్వాత అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. స్ప్రూ రోగులకు పనికొచ్చిన మందుల్లో అదొకటి.

మావయ్య: సరే, ఏరిపారేయొద్దని చెప్తాను. మరి కూలి ఆడమనిషికి ఆ ఒక్క గింజే దిక్కా?

మేనకోడలు: కాదు. ఆకుకూరలో, పప్పులో ఉన్న ఇనుము తేలిగ్గా ఒంటికి పట్టదు. విటమిన్ సి తోడైతే ఎక్కువ పడుతుంది. భోజనంతోపాటు టీ తాగితే తక్కువ పడుతుంది. క్యారేజీ తినగానే టీ తాగే అలవాటును గంట, గంటన్నర వెనక్కి జరిపితే పైసా ఖర్చు లేకుండా లాభం. విటమిన్ సి కోసం పండ్ల దుకాణానికి పోనక్కర్లేదు. నిమ్మచెక్క, ఉసిరికాయ, జామకాయ, చివరికి మనం పండించే పచ్చిమిరపకాయ కూడా చాలు. హంగరీలో సెంట్ జార్జి అనే శాస్త్రవేత్త విటమిన్ సిని పెద్ద ఎత్తున తీసింది అక్కడి పాప్రికా అనే మిరపకాయల్లోంచే. ఆయనకు 1937లో నోబెల్ బహుమతి వచ్చింది. కాయ పండి ఎండిందంటే ఆ విటమిన్ చాలావరకు పోతుంది. ఎండుమిర్చి రంగుకు కారణమైన కెరోటినాయిడ్లు మాత్రం చాలావరకు నిలుస్తాయి. వాటిలో కొన్నిటిని శరీరం విటమిన్ ఎగా మార్చుకుంటుంది, దానికి కాస్త నూనె ఉండాలి. ఆకుకూర పప్పుకు తాలింపు పెట్టడం రుచికే కాదు.

మావయ్య: మంచిదే. కానీ నా ప్రశ్న అక్కడే ఉంది. నిమ్మచెక్కతో వలస కూలి బతుకు మారదు. కూలి రేటు పెరగాలి. బియ్యంతోపాటు రేషన్‌లో పప్పు ప్రతినెలా అందాలి. ఆ పని చేయనివాళ్ళు పోషకాహారం మీద ఉపన్యాసాలిస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

మేనకోడలు: నాకూ మండుతుంది. రేషన్‌లో పప్పు అన్నది అందరికంటే ముందు అడగాల్సింది మీలాంటి శనగ రైతులే. ప్రభుత్వం ఆ పప్పు మీ దగ్గరే కొనొచ్చు కదా! ఈలోపు మీ చేతిలో ఉన్నదీ ఒకటుంది. కోతల రోజుల్లో కూలీలకు పది గంటలకు టీ ఇప్పిస్తారు. ఆ టీకి గంట ముందు తలా గుప్పెడు శనగ గుగ్గిళ్ళు పెట్టించండి. ముందు రోజు రాత్రి నానబోసి, ఉడకబెట్టి, ఉల్లిపాయ ముక్కలు, నిమ్మరసం కలిపితే చాలు. నానబెట్టిన నీళ్ళు పారబోస్తే ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు కొంత తగ్గుతాయి. కడుపు ఉబ్బరమూ తక్కువ.

మావయ్య: గుగ్గిళ్ళు పెట్టిస్తాను. అదేమంత పని. కానీ మీ శాస్త్రం మీద నా గురి తక్కువమ్మా. ఒకప్పుడు నెయ్యి వద్దన్నారు, గుడ్డులో పచ్చసొన వద్దన్నారు. ఇప్పుడు తినమంటున్నారు. వీరమాచనేని రామకృష్ణ గారు అన్నం మానేసి కొబ్బరినూనె తీసుకోమన్నారు, మన ఊళ్ళో సగం మంది ఆ దారిన పోయి వచ్చారు. ఖాదర్ వలీ గారు కొర్రలు, సామలు, అరికెలు, ఊదలు, అండుకొర్రలు తినమన్నారు. ఎవరి మాట వినాలి?

మేనకోడలు: సలహాలు మారాయి, ఒళ్ళు పనిచేసే తీరు మారలేదు మావయ్యా. అన్నం, చక్కెర పూర్తిగా మానేస్తే కాలేయం కొవ్వును కీటోన్లుగా మార్చి మెదడుకు పంపుతుంది. బరువు తగ్గుతుంది, అది నిజమే. కానీ షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు డాక్టరును అడక్కుండా ఆ పని చేస్తే రక్తంలో గ్లూకోజు ప్రమాదకరంగా పడిపోవచ్చు. కొర్రలు, సామలు మంచివే. తెల్లబియ్యం కంటే పీచు ఎక్కువ. అంతమాత్రాన కంచం నిండా కొర్రన్నం పెట్టుకుని పప్పూ కూరా మర్చిపోతే జొన్న నాటి పొరపాటే మళ్ళీ చేసినట్టు. ఎవరి మాట విన్నా ఒక ప్రశ్న వేసుకోండి: ఇంధనం, కట్టుబడి సామాను, విటమిన్లు, ఖనిజాలు, పీచు, నీళ్ళు అన్నీ ఈ కంచంలో ఉన్నాయా? ఏది లేకపోతే అక్కడ అనుమానించండి.

మావయ్య: అన్నీ ఉన్నా అన్నం తగ్గించడమెందుకు? మా నాన్న సోలెడు బియ్యం అన్నం ఒక్క పూట తినేవాడు. షుగరు లేదు, బీపీ లేదు.

మేనకోడలు: తాతయ్య పొద్దుట అరక కట్టి పొద్దు గూకేదాకా నడిచేవారు. కూర్చుని పనిచేసే మగవాడికి రోజుకు 2110 కిలోకాలరీలు చాలు, ఒళ్ళొంచి కష్టపడేవాడికి 3470 కావాలని మన దేశపు లెక్క. తాతయ్య రెండో లెక్కలోవారు. మీరిప్పుడు ట్రాక్టరుతో దున్నిస్తున్నారు, మందు పవర్ స్ప్రేయరుతో కొట్టిస్తున్నారు, చేనుకు బండి మీద వెళ్తున్నారు. పని తగ్గింది, ముద్ద తగ్గలేదు. కండరం కదిలినప్పుడు రక్తంలోని గ్లూకోజును తనంతట తాను లాక్కుంటుంది. కదలనప్పుడు ఆ భారమంతా ఇన్సులిన్ మీదే పడుతుంది. నడుం చుట్టూ కొవ్వు పేరుకునేకొద్దీ ఇన్సులిన్ మాట కణాలు వినడం తగ్గిస్తాయి. దేశంలో షుగరున్నవాళ్ళు 10 కోట్లు దాటారని 2023లో వచ్చిన ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. తాతయ్య తిన్నంత తినాలంటే తాతయ్య నడిచినంత నడవాలి.

మావయ్య: ఇది మాత్రం కాదనలేను. అయినా ఒక్కటి ముందే చెప్తున్నా. గోంగూర పచ్చడి, వేడన్నం, ఉల్లిపాయ మానమంటే మాననుగాక మానను.

మేనకోడలు: ఎవరు మానమన్నారు? ఉప్పు మాత్రం కనిపెట్టుకోండి. పచ్చళ్ళతో, ఊరగాయలతో, అప్పడాలతో తెలియకుండానే ఎక్కువైపోతుంది. అన్నీ కలిపి రోజుకు 5 గ్రాములు, చిన్న చెంచాడు, దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కంచంలో ముందు కూర, పప్పు పెట్టించుకుని, మిగిలిన చోట అన్నం పెట్టించుకోండి. చద్దన్నమూ మంచిదే. ఉడికి చల్లారిన అన్నంలో పిండిపదార్థం కొంత తొందరగా అరగని రూపానికి మారుతుంది, పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులకు అది ఆహారం. మజ్జిగ కలిపితే కాల్షియం, కాస్త బి12. బి12 మొక్కల్లో దొరకదు. పాలు, గుడ్డు, చేప, మాంసాల్లోంచే రావాలి. ఓడరేవు వైపు నుంచి వచ్చే ఎండు మెత్తళ్ళు ముల్లుతో సహా నమిలి తింటారు కదా, అవి కాల్షియానికి చాలా మంచివి. ముందు నీళ్ళలో నానబెట్టి ఉప్పు వదిలించుకోవాలి, అంతే.

మావయ్య: అయితే తేలిందేమిటి? అన్నం ఉంటుంది, దాని పెత్తనం పోతుంది. ఇంతవరకు నేను ఒప్పుకుంటున్నాను. కానీ తెలివి చెప్పడం కంటే ముందు పేదవాడి సంచిలోకి పప్పు రావాలన్న నా మాట మీదే నేనుంటాను.

మేనకోడలు: నేనూ దానికి ఎదురు చెప్పను. పప్పు సంచిలోకి వచ్చాక అది పిల్లల కంచంలోకి, ఆడవాళ్ళ కంచంలోకి కూడా రావాలన్నది నా మాట. ఇంట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలిన పప్పునీళ్ళతో అన్నం తినేది ఇప్పటికీ ఆడవాళ్ళే. అది ధరతో మారదు, మనం మార్చాలి.

వాదన ఇక్కడికి వచ్చింది. ఇద్దరి మాటల్లోనూ బలముంది. ఆకలి తీర్చిన అన్నాన్ని తూలనాడే హక్కు ఎవరికీ లేదు, మావయ్య మాట నిజం. తెల్లన్నం ఒక్కదాని మీదే బతికిన ఉత్తర సర్కారుల్లో బెరిబెరి, జొన్న ఒక్కదాని మీదే బతికిన దక్కనులో పెల్లాగ్రా, ఇవాళ సగానికి పైగా ఆడవాళ్ళలో రక్తహీనత చెప్పే పాఠం ఒక్కటే. అందులో మేనకోడలి మాట నిజం. నా తీర్పు ఆమె పక్షాన, ఒక్క షరతుతో: పప్పు, పాలు, గుడ్డు పేదవాడికి అందే ధరలో ఉండటం ప్రభుత్వం బాధ్యత. ఉన్న ఇంట్లో వాటిని అందరి కంచాల్లో సమానంగా పంచడం మన బాధ్యత.

పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు, కారంచేడు రైతులకు ఒక్క విన్నపం. ఈ ఏడు శనగ నూర్చాక బస్తాలన్నీ కోల్డ్ స్టోరేజీకి పంపకండి. మనిషికి రోజుకు 85 గ్రాముల లెక్కన నలుగురున్న ఇంటికి ఏడాదికి సుమారు 125 కిలోల పప్పులు కావాలి. అందులో సగం శనగే అనుకున్నా ఓ అరవై కిలోలు చాలు. అంతవరకు ఇంట్లో ఉంచుకుని, మిగిలింది అమ్మండి.